చెమట తీసే మనిషి

మా మామగారికి గుర్రం సంగతి తెలిసినంత బాగా మనిషి సంగతి తెలియదు. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అంటాను. ఆయన మీద నాకు కోపం ఉంది, అది ఉండగానే ఆయన కథ చెప్పేస్తాను. చల్లారాక మొదలుపెడితే ముసలాయన, పాపం, పెద్దవాడు అంటూ మెత్తబడిపోతాను. అప్పుడు చెప్పేది సంతాపసభ అవుతుంది గానీ కథ కాదు.

అత్‌బాషీ కొండలోయలో ఆయన ఇల్లు ఎవరిని అడిగినా చూపిస్తారు. పందెపు గుర్రాలకు చెమట తీయడం ఆయన పని. వేసవంతా పచ్చిక మేసి పొట్ట పెంచుకున్న గుర్రాన్ని తెచ్చి పలుపుతాడు ఆయన చేతిలో పెడితే చాలు, పందెం నాటికి దాని ఒంట్లో అక్కర్లేని కొవ్వంతా కరిగించి అప్పగిస్తాడు. అందుకు ఆయనకో పద్ధతి ఉంది. ఇంకా చీకటి ఉండగానే లేచి, బకెట్లో నీళ్ళు పేరుకునే చలిలో, గుర్రం వీపు మీద ముందు నూలు దుప్పటి వేస్తాడు. దాని మీద ఒత్తు కంబళి కప్పుతాడు. ఉన్నిని వేడినీళ్ళతో తడిపి, చాపలో చుట్టి, గంటల తరబడి తొక్కి తొక్కి మేం ఆడవాళ్ళం చేసేదే ఆ కంబళి, రెండు వేళ్ళ మందం ఉంటుంది. దాన్ని గుర్రం మెడ దాకా లాగి, నడుముకి పటకా బిగించి, కొండవాలు మీద పరిగెత్తిస్తాడు.

తిరిగి వచ్చేసరికి కంబళి మీదినుంచి ఆవిరి లేస్తూ ఉంటుంది. ఆయన కంబళి కింద చెయ్యి పెట్టి, చెమటని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తాడు. మొదట్లో సబ్బు నురగలా జిగటగా ఉంటుంది. పోను పోను పలచబడుతుంది. అదే కంబళి, అదే పరుగు అయినా చెవుల వెనకా నుదుటి మీదా తడి లేకుండా గుర్రం తిరిగొచ్చిన రోజున మా మామగారు టోపీ వెనక్కి తోసి, "పదునుకొచ్చింది" అంటాడు. ఆ మాట కోసం గుర్రం యజమానులు గేటు దగ్గర పడిగాపులు పడేవారు.

ఇంకో నియమం ఉంది. వేడి మీదున్న గుర్రానికి నీళ్ళు చూపించకూడదు, గాలి తగలనివ్వకూడదు. కప్పే ఉంచి, మెల్లగా నడిపించి, తల పైకెత్తి కట్టెయ్యాలి. నా మొగుడు చిన్నప్పుడు జాలిపడి, పరిగెత్తొచ్చిన గుర్రానికి బకెట్టు నీళ్ళు పెట్టాడట. ఈయన కొరడాతో కొట్టిన మచ్చ అతని భుజం మీద ఇప్పటికీ ఉంది. అందరి దగ్గరా ఆ మచ్చ చూపించి, "మా నాన్న కొట్టింది" అని గొప్పగా చెప్పుకుంటాడు. అలాంటి వంశం ఇది!

నిజం చెప్పాలంటే మంచివాడే. మంచు పడే రాత్రి తన పొడుగు కోటు విప్పి ఊళ్ళోవాళ్ళ గుర్రానికి కప్పి, తను చొక్కాతో వణుక్కుంటూ ఇంట్లోకి వచ్చిన మనిషి. నా కూతుర్ని నడక రాకముందే జీను మీద ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. కానీ తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చెమట పోతే కొవ్వు పోతుంది, కొవ్వు పోతే బలం మిగులుతుంది, అంతే ఆయన శాస్త్రం. జలుబు చేసినా సరే, కంబళి కప్పుకుని చెమట పట్టించమంటాడు.

నా కూతురు జిబెక్. ఆ పేరుకి పట్టు అని అర్థం. పేరు పట్టు, బుద్ధి మొండిపట్టు. పదహారేళ్ళది, కుస్తీ పడుతుంది. మా లోయలో ఆడపిల్లల కుస్తీ మొదలైనప్పుడు ముక్కు మీద వేలేసుకున్న ముసలాళ్ళే, ఇది ఇద్దర్ని ఎత్తి పడేసేసరికి "మన పిల్ల" అనడం మొదలుపెట్టారు. దీని గురువు ఎర్మెక్ అని, బడిలో ఆటల మాస్టారు. ఎప్పుడు చూసినా మెళ్ళో ఈల, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు. జూన్‌లో ఒకనాడు టీ వేళకి ఇంటికొచ్చాడు. చంకలో ఓ నల్లటి నైలాను సూటు ఉంది.

"అక్సకాల్, వచ్చే ఆదివారం పట్నంలో, నారిన్‌లో పోటీలు," అన్నాడు మా మామగారితో. గడ్డం నెరిసిన పెద్దవాళ్ళని మేం అలాగే పిలుస్తాం. "మన జిబెక్ యాభై ఏడు కిలోలుంది. ఆ తూకంలో నారిన్ పిల్ల ఒకతుంది, ఎలుగుబంటి. దాని కింద పడితే ఇంక లేవడం ఉండదు. యాభై మూడుకి దించామనుకో, పతకం మన జేబులో ఉన్నట్టే. రాజధాని బిష్కెక్ వెళ్ళే జట్టులో చోటు కూడా."

"నాలుగు కిలోలు ఎక్కణ్ణుంచి దించుతావు? కాలు తీసేస్తావా?" అన్నాను.

"అక్కా, నువ్వు కంగారుపడకు. అంతా నీళ్ళే. ఇది తొడుక్కుని పరిగెత్తితే కారిపోతాయి. అందరూ చేసేదే."

"అందరి పిల్లలూ నా కడుపున పుట్టలేదు ఎర్మెక్!"

మామగారు ఆ సూటు తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. మణికట్ల దగ్గరా మడమల దగ్గరా బిగుతుగా సాగే అంచులున్నాయి. వేళ్ళతో నలిపి నవ్వాడు.

"ఉల్లిపొర! దీన్లో చెమటేం పడుతుందిరా? నా గుర్రాలకి రెండు వేళ్ళ మందం కడతాను నేను."

జిబెక్ కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. నూనెలో వేయించిన పిండి బోర్సోక్‌ల పళ్ళెం నేను దాని ముందుకి తోస్తే అది వెనక్కి తోసింది. ఆ పూట నుంచి తిండి మానేసింది. శుక్రవారం నాటికి నీళ్ళు కూడా మానేసి పెదాలు తడుపుకోవడం మొదలుపెట్టింది. నేను అరిచాను, బతిమాలాను, గిన్నె విసిరాను. దున్నపోతు మీద వాన. నా మొగుడు గొర్రెలతో పైపచ్చికల్లో ఉన్నాడు, ఫోను అందదు. ఇంట్లో నా మాట వినేది పిల్లి ఒక్కటే.

శనివారం పొరుగింట్లో కంబళి తొక్కుడు ఉంటే వెళ్ళాను. పిల్లకి ఆ పూట పరీక్ష ఉంది, పరుగుకి పోదులే అనుకున్నాను. పొద్దెక్కాక, కంబళి అంచులు కత్తిరించే గొర్రెల కత్తెర సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరాను. మా దగ్గర చలి అంటారు గానీ జూన్ మధ్యాహ్నం ఆ ఎండ నెత్తి మీద మేకులు దిగ్గొడుతుంది. మలుపు తిరిగేసరికి వాగు అవతల వాలు మీద మామగారు గుర్రం మీద కనబడ్డాడు. గుర్రం ముందు ఇంకో ఆకారం ఊగుతూ నడుస్తోంది.

అది నా కూతురు. ఒంటిని అంటుకుని నల్లటి నైలాను సూటు. ఆ సూటు మీద, చంకల కింద నుంచి తొడల దాకా, ఆయన గుర్రాలకి కట్టే ఒత్తు కంబళి. దాని మీద పటకా. నేను తొక్కిన కంబళే అది!

సన్నగా ఉంది కాబట్టి ఆ నైలాను ఏమీ చెయ్యదనుకున్నాడు ఆయన. ఉల్లిపొర చాలదని, పైన కంబళి కట్టాడు. తెల్లవారుజామున చెయ్యాల్సిన పని పరీక్ష అయ్యాక, నడినెత్తి ఎండలో చేయించాడు. నేను వాగు దాటి పరిగెత్తుతుంటే నన్ను చూసి చెయ్యి ఊపాడు. మొహం వెలిగిపోతోంది.

"రా అమ్మాయ్, రా! దీని నుదురు చూడు, పొడిగా ఉంది! ఇందాకటి దాకా కారింది, ఇప్పుడు చుక్క లేదు. వారం తిరక్కుండానే పదునుకొచ్చింది!"

నుదుటి మీద చెయ్యి పెట్టాను. రొట్టెలు కాల్చే తందూరు గోడకి చెయ్యి ఆనించినట్టు ఉంది. మొహం చుక్క తడి లేకుండా ఎర్రగా కందిపోయి ఉంది. నన్ను చూసింది గానీ గుర్తుపట్టలేదు.

"తాతా, ఎవరో వచ్చారు, తూకం వేసేవాళ్ళు," అంది నన్ను చూపించి. నాలుక మడత పడుతోంది. రెండడుగులు వేసి కూలబడింది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. పటకా ముడి రాలేదు, కత్తెరతో కోసేశాను. కంబళి ఊడదీసి, సూటుని మడమ దగ్గర కోయగానే లోపల్నుంచి నీళ్ళు బొటబొటా కారాయి. అంత చెమటా దాని ఒంటి మీదే ఉంది, బయటికి పోయే దారి లేక. పై నుంచి కింది దాకా చీల్చి పారేసి, లోపలి బట్టలతో ఉన్నదాన్ని చంకల కింద పట్టుకుని వాగు వైపు ఈడ్చాను.

అప్పుడు దిగాడు మామగారు గుర్రం మీదినుంచి. అంత వయసు మనిషి అంత వేగంగా దూకడం నేనెప్పుడూ చూడలేదు. నాకూ వాగుకీ మధ్య చేతులు చాచి నిలబడ్డాడు.

"నీళ్ళు వద్దు! చంపేస్తావా దాన్ని? వేడి మీద ఉంది! మంచు కరిగిన నీళ్ళవి, గుండె ఆగిపోతుంది! ముందు కప్పాలి, మెల్లగా నడిపించాలి!"

అంటూనే తన పొడుగు కోటు విప్పి పిల్ల మీద కప్పాడు. నేను లాగి పారేశాను. ఆయన మళ్ళీ తీసి కప్పాడు. కళ్ళ నిండా నీళ్ళు. ఆయన దాన్ని కాపాడుతున్నాననే అనుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది అందుకే. దుర్మార్గుడైతే తోసేసి పోదును. ప్రేమతో దారికి అడ్డం నిలబడ్డ మనిషిని ఏం చెయ్యాలి?

"జరగండి మావయ్యా!"

"జరగను. నువ్వు నీళ్ళలో దించితే నా శవం మీదుగా దించు."

"మోల్దాలీ! పక్కకి జరుగు!"

మా దగ్గర కోడలు మామగారి పేరు నోటితో పలకదు. ఆ పేరున్న ఇంకొకణ్ణి కూడా వేరే పేరుతో పిలుస్తుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆ పేరు నా నాలుక మీదికి రాలేదు, కలలో కూడా. అది నా గొంతులోంచి వచ్చి కొండకి తగిలి తిరిగి వినిపించింది. ఆయన చెంపదెబ్బ తిన్నట్టు నన్ను చూశాడు. చాచిన చేతులు వాటంతటవే దిగిపోయాయి. నేను ఆయన్ని రాసుకుంటూ పోయి పిల్లతో సహా వాగులో కూర్చున్నాను.

దాని తల ఒళ్ళో పెట్టుకుని దోసిళ్ళతో పోశాను. మెడ మీద, చంకల్లో, నడినెత్తిన. నీళ్ళకి నా కాళ్ళు కొయ్యబారాయి గానీ అది మాత్రం చాలాసేపు కాలుతూనే ఉంది. తప్పు చేస్తున్నానో ఒప్పు చేస్తున్నానో నాకు తెలియదు. ఈ ముసలాయన చెప్పినట్టు గుండె ఆగిపోతే, నా చేతులతో నేనే చంపినదాన్నవుతాను. అయినా పోస్తూనే ఉన్నాను. కాసేపటికి పళ్ళు టకటకలాడించి, "అమ్మా, చలి," అంది. అమ్మా అంది! అప్పుడు ఏడ్చాను.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు పిల్ల. రెండు చేతులకీ సెలైను పెట్టించి, మూత్రం రంగు చూసి మొహం చిట్లించింది. జరిగిందంతా విని తలుపు దగ్గర నిలబడ్డ మామగారి వైపు తిరిగింది.

"తాతగారూ, చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. ఆ చెమట ఆరాలి. మీ ఉన్ని కంబళి చెమటని పీల్చుకుని ఆవిరిగా బయటికి వదులుతుంది, అందుకే మీ గుర్రాలు బతికాయి. ఈ నైలాను దేన్నీ వదలదు. సన్నగా ఉంటే ఏం? సంచీలో పెట్టి మూతి కట్టినట్టే. దాని మీద మళ్ళీ కంబళి! పోయింది నీళ్ళు తాతగారూ, కొవ్వు కాదు. ఇంకాసేపు ఆగుంటే మెదడు ఉడికిపోయేది."

ఆయన టోపీ చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. నేనా రోజు ఆయన్ని టీ కావాలా అని కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున జిబెక్ కళ్ళు తెరిచి నన్ను చూసి, గొంతు పెగుల్చుకుని అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"ఎంత తూగాను?"

సెలైను గొట్టాలు లేకపోతే లాగి ఒకటిచ్చేదాన్నే. "సూటు కోసేశావా? ఎర్మెక్ మాస్టారు తిడతాడు," అని గొణిగింది ఆ పైన. తర్వాత గోడ వైపు తిరిగి, "తాతని ఏమీ అనకమ్మా. నేనే అడిగాను. గుర్రానికి కట్టినట్టే నాకూ కట్టు తాతా అని కాళ్ళావేళ్ళా పడ్డాను," అంది.

అది విని నా కోపం తగ్గిందనుకుంటున్నారేమో. రెట్టింపయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చున్న మనిషి ముందు నిలబడ్డాను.

"అడిగితే కట్టేస్తారా? రేపు కళ్ళెం వెయ్యమంటుంది, వేస్తారా? నాడాలు కొట్టమంటుంది, కొడతారా? చిన్నపిల్ల నిప్పు కావాలంటుంది, ఇవ్వకుండా ఉండేందుకే కదా ఇంట్లో పెద్దవాళ్ళు ఉండేది!"

"అడిగిందని కట్టలేదు అమ్మాయ్," అన్నాడు. తల ఎత్తలేదు. "నేనే కట్టాలనుకున్నా. ఎన్ని గుర్రాలు చేశాను నా బతుకులో? అన్నీ ఎవడెవడివో. గెలిచిన రోజున యజమాని భుజాల మీద సన్మానం కోటు కప్పేవారు. నేను గేటు దగ్గర తాడు పట్టుకుని నిలబడేవాణ్ణి. నాదంటూ ఒక్కటి గెలవాలని ఉండింది. ఒక్కటి."

గుర్రపు పందేలంటే ఊళ్ళో అందరికీ ఆయనే గుర్తొస్తాడు గదా, ఆయనకి ఈ ఆకలి ఉందని ఎవరనుకుంటారు? అయినా ఆ ఆకలికి నా కూతురే దొరికిందా! లోపలికి పోయి తలుపు ధడేల్న వేశాను.

ఊరికి మాత్రం నవ్వుకోడానికి దొరికింది. వాగు దగ్గర గొర్రెలు కాసేవాళ్ళు ఎవరో విన్నారు. ఆయన బజారుకెళ్తే చాలు, టీ అంగడిలో మగాళ్ళు ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకుని, "మోల్దాలీ, పక్కకి జరుగు!" అని నా గొంతుతో అరిచి పడీ పడీ నవ్వేవారు. ఆడవాళ్ళయితే నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. మామని పేరు పెట్టి పిలిచిన కోడలు! పిల్ల చావు దాకా పోయింది, ఆ మాట ఒక్కరూ అడగలేదు. పేరు పట్టుకుని వేలాడారు.

ఆకులు పసుపు తిరిగే రోజుల్లో ఎర్మెక్ మళ్ళీ వచ్చాడు. చంకలో ఇంకో సూటు, ఈసారి వెండి రంగు.

"జరిగిందేదో జరిగింది, అక్సకాల్. నారిన్‌లో మళ్ళీ పోటీలు. డాక్టరు ఆడొచ్చంది గదా? ఈసారి నేనే దగ్గరుండి దించుతా. కంబళి గింబళి లేకుండా, ఒట్టి సూటు."

నేను పొయ్యి దగ్గరున్న గరిటె తీసుకున్నాను. నిజంగానే కొట్టేదాన్ని. ఈలోగా మామగారు లేచి ఆ సూటు అందుకుని, మడత చెడకుండా మళ్ళీ వాడి చంకలో పెట్టాడు.

"యాభై ఏడులో ఆడుతుంది," అన్నాడు.

"యాభై ఏడులో ఎలుగుబంటి ఉందని చెప్పా గదా! ఓడిపోతుంది!"

"ఓడనీ."

పందెంలో రెండో స్థానం వచ్చిన గుర్రం మొహం కూడా చూడని మనిషి ఆ మాట అన్నాడు. ఎర్మెక్ నోట్లో గింజ అలాగే ఉండిపోయింది. నేను గరిటె దించలేదు, వాడు గేటు దాటే దాకా.

ఓడిపోయింది. నారిన్ ఆటల భవనంలో మేం రెండో వరసలో కూర్చున్నాం, నేనూ, ఆయనా. ఆ ఎలుగుబంటి పిల్ల జిబెక్ నడుము పట్టుకుని ఎత్తి, బస్తా పడేసినట్టు పడేసి, రెండు భుజాలూ చాపకి ఆనించింది. ఈల మోగింది. మా లోయ వాళ్ళంతా ఉసూరుమన్నారు. వెనక వరసలో మా ఊరి గుర్రాల ఆసామి ఒకడు, ఈయన చేతి మీద గెలిచిన గుర్రాలతో భుజాల మీద ఆ కోట్లు కప్పించుకున్నవాడే, ముందుకి వంగి, "ఏం మోల్దాలీ, నీ గుర్రం పడిపోయిందే! పదును చాల్లేదా?" అన్నాడు. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు.

నేను తిరగబోయాను. ఆయనే తిరిగాడు. వేసవంతా టీ అంగడిలో తలొంచుకుని పోయిన మనిషి, హాలంతా వినబడేలా అరిచాడు.

"గుర్రం కాదురా గాడిదా! నా మనవరాలు! లేచి నడిచొస్తోంది, కళ్ళు కనబడట్లేదా?"

ఆ గొంతులో అంత కోపం ఉందని నాకు తెలియదు. ఆయన ఊపిరి ఎగబీలుస్తూ ముందుకి తిరిగి కూర్చున్నాడు.

జిబెక్ చాప దిగి మా వైపే వస్తోంది. ముక్కు ఎర్రగా ఉబ్బింది, జుట్టంతా చెమటకి మొహానికి అంటుకుంది. ఓడినందుకు ఏడుస్తోంది, మధ్యలో అవతలి పిల్లని తిడుతోంది కూడా. వచ్చి మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. ఆయన దాని చెయ్యి పట్టుకున్నాడు. అది ముక్కు తుడుచుకుని నా సంచి లాక్కుంది.

"అమ్మా, తినడానికేం తెచ్చావు?"